అజంతా అని చెప్పిన గుహలు

షామీర్‌పేట బస్టాపు దగ్గర తెల్లకారు పెట్టుకుని కిరాయిలకు తిరిగే దేవేందర్‌కు తెలియని తోవ లేదని పేరు. ఆ పేరు అతను ఊళ్ళు తిరిగి తెచ్చుకున్నది కాదు, మాట్లాడి తెచ్చుకున్నది. "శ్రీశైలం పోయినవా అన్నా?" అని ఎవరైనా అడిగితే "పదిసార్లు" అనేవాడు. "షిర్డీ, అజంతా, ఎల్లోరా?" అంటే "కండ్లు మూస్కొని తీస్కవోత" అనేవాడు. షిర్డీకి వెళ్ళింది ఒక్కసారి. అజంతా అని రాసి బాణం గుర్తు వేసిన బోర్డు ఆ దారిలోనే చూశాడు. అజంతాతో అతని పరిచయం అంతవరకే.

చెడ్డవాడేమీ కాదు. తండ్రి ఇస్తారి మేడ్చల్ వైపు ద్రాక్షతోటల్లో కొమ్మలు కత్తిరించే పని చేసేవాడు. తోటలన్నీ ప్లాట్లయ్యాక అందులోనే ఒక వెంచరుకు కాపలా ఉన్నాడు. దేవేందర్ పదో తరగతి తప్పి, గండిమైసమ్మ నుంచి దుండిగల్ దాకా షేర్ ఆటో నడిపి, కొన్నాళ్ళు కంపెనీ బస్సు తోలి, చివరికి ఏడుగురు కూర్చునే కారు కొనుక్కున్నాడు. భార్య బిందు ఇంట్లో మిషన్ కుడుతుంది. కూతురు భవిత అదే ఊళ్ళో తండ్రి చదివిన సర్కారు బడిలోనే తొమ్మిదో తరగతి. నలభై మూడేళ్ళ మనిషికి ఇంతకన్నా ఏం కావాలి అనుకునే రకం. కానీ ఎవరైనా ఏదైనా అడిగినప్పుడు "నాకు తెల్వది" అనే మాట మాత్రం అతని నోట్లోంచి వచ్చేది కాదు.

ఆ బడిలో అతనికి సోషల్ చెప్పిన మాస్టారు పట్టాభిరామయ్య. రిటైరై మచ్చ బొల్లారంలో సొంతింట్లో ఉంటున్నారు. పాత శిష్యుల్లో ఎవరికి ఏ కష్టమొచ్చినా కదిలే మనిషి. దేవేందర్ పది తప్పినప్పుడు ఎండలో సైకిల్ తొక్కుకుంటూ ద్రాక్షతోటకు వచ్చి, "సప్లిమెంటరీ రాయించు ఇస్తారీ, పిల్లగాడికి బుర్ర ఉన్నది" అని బతిమాలారు. దేవేందర్ రాయలేదు. అయినా మాస్టారు ఎక్కడ కనిపించినా "ఒరేయ్ దేవేందర్" అని భుజం మీద చెయ్యి వేసేవారు.

డెబ్బై అయిదేళ్ళు వచ్చేసరికి ఆయన కళ్ళకు నీటికాసులు పట్టాయి. మందులు వేశారు, కత్తి పెట్టారు, చూపు తరిగిపోవడం ఆగలేదు. మనిషి ఆకారం తెలుస్తుంది, మొహం తెలియదు. అక్షరాలు పోయి రెండేళ్ళయింది. వచ్చే చలికాలానికి ఇది కూడా ఉండకపోవచ్చని డాక్టరు చెప్పిన నాడు ఆయన ఇంటికొచ్చి భార్య కమలాబాయితో అన్నారట: "ముప్పై ఏళ్ళు అజంతా పాఠం చెప్పిన. పుస్తకంల మసకమసకగ ఒక బొమ్మ ఉండేది. ఒక్కసారి కూడా పోలేదు. ఇప్పుడన్న పోదాం."

కొడుకు పుణేలో ఉద్యోగం. సెలవు దొరికాక తీసుకువెళ్తానన్నాడు. మాస్టారు ఆగలేదు. దేవేందర్‌కు ఫోన్ చేశారు.

"ఒరేయ్, అజంతా చూశావా నువ్వు?"

"మస్తు సార్లు వోయిన సార్."

"శనివారం బయల్దేరుదామా?"

"శనివారం పెండ్లి కిరాయి ఉన్నది సార్. ఆదివారం పొద్దుగాల ఎల్దాం. సాయంత్రానికి ఔరంగాబాద్‌ల పండుకొని, సోమవారం అజంతా జూసి, మంగళవారం మాపటికి ఇంట్ల ఉంటం."

"సోమవారం తెరిచే ఉంటుంది కదరా?"

"డైలీ ఖుల్లా ఉంటది సార్. మీరు పరేషాన్ గాకుండ్రి."

మంగళవారం సాయంత్రం గండిమైసమ్మలో ఒక రిసెప్షన్‌కు కారు పెడతానని అతను అప్పటికే మాటిచ్చి ఉన్నాడు. అందుకే అలా కుదిర్చాడు.

జనవరి నెల. మేడ్చల్ దాటేసరికి మంచు ఇంకా విడిపోలేదు. మాస్టారు ముందు సీట్లో ఉన్ని టోపీ, మఫ్లరుతో కూర్చున్నారు. కమలాబాయి వెనక సీట్లో జొన్నరొట్టెలు, సకినాల డబ్బా పక్కన పెట్టుకుని ఉంది. కామారెడ్డి, నిజామాబాద్, బోధన్ మీదుగా పోయి మంజీర వంతెన ఎక్కగానే మాస్టారు "ఇదేనా సరిహద్దు?" అని అడిగి కారు ఆపించారు. దిగి, అటు మహారాష్ట్ర వైపు మొహం పెట్టి ఒక నిమిషం నిలబడ్డారు. నీళ్ళు తక్కువగా ఉన్నాయి. ఇసుక మీద కొంగలు. "అటు చెరుకు బండ్లు పోతున్నయ్ సార్" అన్నాడు దేవేందర్. "చప్పుడు వినపడుతోందిరా" అన్నారు మాస్టారు నవ్వి. డెబ్బై అయిదేళ్ళ మనిషి బడి పిల్లలా సంబరపడుతుంటే దేవేందర్‌కు కూడా ముచ్చటేసింది. ఆ సంబరం తన చేతి మీదుగా జరుగుతోందని గర్వపడ్డాడు.

సాయంత్రానికి ఔరంగాబాద్ చేరి ఒక లాడ్జిలో దిగారు. సోమవారం ఆరింటికే మాస్టారు చన్నీళ్ళు పోసుకుని, తెల్ల పంచె, లాల్చీ, పైన స్వెటరు వేసుకుని సిద్ధంగా కూర్చున్నారు. దేవేందర్ టీ తాగడానికి కిందికి వచ్చి, కౌంటర్ దగ్గరున్న పెద్దమనిషితో మాట కలిపి, అజంతాకు పోతున్నామని చెప్పాడు.

ఆయన తలెత్తి, "ఆజ్ సోమ్‌వార్ హై భాయ్. అజంతా బంద్" అన్నాడు.

దేవేందర్ టీ గ్లాసు కౌంటర్ మీద పెట్టేశాడు. హిందీలోనే మళ్ళీ అడిగాడు. ఆయన మళ్ళీ చెప్పాడు. ప్రతి సోమవారం మూసే ఉంటుందట, ఎన్నేళ్ళ నుంచో అంతేనట. ఇతని మొహం చూసి జాలిపడి, "ఊళ్ళోనే ఔరంగాబాద్ గుహలున్నాయి కదా. అవీ బౌద్ధుల విహారాలే. అవి చూపించు" అని కూడా అన్నాడు.

నిజం చెప్పడానికి అక్కడి నుంచి పై అంతస్తుకు పద్దెనిమిది మెట్లు. ఆ మెట్లెక్కి "సార్, తప్పయింది. నేను కనుక్కోలేదు. రేపటి దాకా ఆగుదాం" అంటే సరిపోయేది. గండిమైసమ్మ వాళ్ళకు ఇంకో కారు చూసిపెట్టవచ్చు, తోటి డ్రైవర్లు లేకపోలేదు. ఇవన్నీ అతనికి అప్పుడే తోచాయి. కానీ "మస్తు సార్లు వోయిన" అన్న నోటితో "కనుక్కోలేదు" అనడం ఎట్లా? మెట్ల మధ్యలో ఆగిపోయాడు. అక్కడ నిలబడి ఉండగా ఒక ఆలోచన వచ్చింది. తర్వాత ఎన్ని నెలలైనా అతన్ని నిద్రలోంచి లేపి కూర్చోబెట్టిన ఆలోచన అది.

సార్‌కు ఎట్లయినా కనపడదు గదా. కనపడనోనికి ఏ గుహ అయితే ఏంది?

పైకి వెళ్ళి, "పోదామా సార్" అన్నాడు.

అజంతా ఆ ఊరికి రెండు గంటల పైచిలుకు దూరమని మాస్టారికి తెలుసు. ఊళ్ళోని గుహలకు పావుగంట కూడా పట్టదు. అందుకని దేవేందర్ కారును జల్గావ్ రోడ్డు పట్టించి ఫులంబ్రి దాకా పోనిచ్చి, అక్కడ పక్కరోడ్లలోకి తిప్పి, ఒకచోట పంక్చరు చూసుకుంటున్నట్టు కాసేపు ఆపి, మళ్ళీ ఊరి వైపు మళ్ళించాడు. ఆ రెండు గంటలూ మాస్టారు మాట్లాడుతూనే ఉన్నారు. వాగు మలుపులో గుర్రపు నాడాలా వంగిన కొండ, వానాకాలం నాలుగు నెలలు భిక్షువులు తిరగకుండా ఒకచోట ఉండాలన్న నియమం, అందుకోసం కొండను తొలిచి కట్టుకున్న గదులు, పులిని వేటాడుతూ వచ్చి గుహ ద్వారాన్ని చూసిన తెల్లదొర. తరగతిలో చెప్పినట్టే చెప్పారు, మధ్యలో ఆపి "అర్థమైందిరా?" అని అడుగుతూ. "అయింది సార్" అన్నాడు దేవేందర్ ప్రతిసారీ.

కొండ దగ్గరికి వచ్చాక కారును టికెట్ల గది ముందు పెట్టలేదు. అక్కడ పెద్ద బోర్డుంది. కమలాబాయికి మరాఠీ అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చని మాటల్లో తెలిసింది. అందుకని దూరంగా వేపచెట్టు కింద ఆపాడు. ఆమెకు మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేదు. "నేనీడనే కూసుంట బిడ్డా, ఆయన్ని పైలంగ తోల్కపో" అంది. తర్వాత వెనక్కి తిరిగి, కింద దూరంగా కనిపిస్తున్న తెల్లటి గుమ్మటం చూసి, "అదేంది దేవేందర్, తాజ్‌మహల్ తీరుగున్నది?" అని అడిగింది.

"ఏదో దర్గా అమ్మా" అన్నాడు.

టికెట్ల మీద ఆ గుహల పేరు అచ్చేసి ఉంది. వాటిని నాలుగు మడతలు పెట్టి ప్యాంటు లోపలి జేబులోకి తోశాడు.

మెట్లు ఎక్కువే ఉన్నాయి. మాస్టారు అతని మోచెయ్యి పట్టుకుని, మధ్యలో రెండుసార్లు కూర్చుని ఎక్కారు. పైకి చేరాక చెవి పెట్టి విన్నారు.

"వాగు చప్పుడు లేదేమిరా?"

"చలికాలం సార్. ఎండిపోయింది."

"మనం ఎన్నో గుహలో ఉన్నాం?"

దేవేందర్ గోడ మీదున్న అంకె చూశాడు. "మూడోది సార్." ఆ పొద్దున అతను చెప్పిన మొదటి నిజం అది.

"రంగులున్నాయా? బొమ్మలు?"

"మొత్తం రాలిపోయినయ్ సార్. ఆడాడ మరకల లెక్క ఉన్నయ్."

మాస్టారు నిట్టూర్చారు. "ఫరవాలేదు. ఏముందో అది చెప్పు."

లోపల గర్భగుడిలో కూర్చున్న పెద్ద బుద్ధుడు. ఆయన ముందు, రెండు పక్కలా, మోకాళ్ళ మీద కూర్చుని ఉన్న మనుషులు. రాతి మనుషులు. నిజం మనుషులంత ఉన్నారు. దేవేందర్ వాళ్ళను చూసి ఒక్కడుగు వెనక్కి వేశాడు. చీకటికి కళ్ళు అలవాటు పడ్డాక ఒక్కొక్కళ్ళను చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. "ఆడోళ్ళు, మొగోళ్ళు కూసున్నరు సార్. ఒకామె కొప్పు పెట్టుకున్నది. ఒకాయన చేతుల దండ ఉన్నది. పెదాలు లావుగున్నయ్. అందరు బుద్ధుని మొకమే జూస్తున్నరు. మనం నడుమల అచ్చినట్టున్నది సార్." అబద్ధాలేమీ కల్పించకుండా, చూసింది చూసినట్టు చెబుతున్న ఆ పది నిమిషాలు అతను నిజంగా సంతోషపడ్డాడు.

మాస్టారు చెయ్యి చాచారు. కాపలా మనిషి "హాథ్ మత్ లగావో" అంటూ వచ్చి, ఆయన కళ్ళు చూసి ఆగిపోయాడు. "ఏక్ బార్, బాబా" అని మొహం పక్కకు తిప్పుకున్నాడు. మాస్టారు వంగి, కూర్చున్న ఒక రాతి మనిషి భుజాన్ని వేళ్ళతో తాకారు. చాలాసేపు తీయలేదు.

"అజంతాలో ఇలాంటివాళ్ళు ఉన్నారని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదురా" అన్నారు చివరికి. "ఎన్ని వందల ఏళ్ళుగా మోకాళ్ళ మీద ఉన్నారో వీళ్ళు."

చీకట్లో తడుముకుని దేవేందర్ తల మీద చెయ్యి పెట్టారు. కళ్ళ నీళ్ళు తుడుచుకోలేదు. "మొత్తం చీకటి కాకముందు చూపించావురా. సంతోషం."

కిందికి దిగేటప్పుడు దేవేందర్ రెండుసార్లు మెట్టు తడబడ్డాడు. మాస్టారు అది తన బరువు వల్ల అనుకున్నారు.

ఇంటికొచ్చాక ఈ సంగతి మరుగున పడిపోతుందనుకున్నాడు. పడలేదు. మాస్టారు కనబడిన ప్రతివాళ్ళకూ అజంతా గురించి చెప్పారు. పాలవాడికి చెప్పారు, కంటి డాక్టరుకు చెప్పారు, కొడుక్కి ఫోన్లో గంటసేపు చెప్పారు. ఆఖర్న "మా దేవేందర్ చూపించాడు" అని చేర్చేవారు.

ఫిబ్రవరిలో షామీర్‌పేట బళ్ళో పాత విద్యార్థుల సమావేశం పెట్టారు. మైదానంలో షామియానా, మైకు, పిల్లలంతా వరసల్లో. మాస్టారిని వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పారు. ఆయన లేచి అజంతా గురించే మాట్లాడారు. మోకాళ్ళ మీద కూర్చున్న రాతి మనుషుల గురించి చెబుతుంటే వెనక వరసల పిల్లలు కూడా మెడలు చాచి విన్నారు.

మాట పూర్తయ్యాక, ఇప్పుడు ఆ బళ్ళో సోషల్ చెబుతున్న నవ్యశ్రీ టీచర్ లేచింది. చిన్న వయసు, ఉద్యోగంలో చేరి మూడేళ్ళు. వినయంగానే అంది. "సార్, ఒక్క మాట. ఆ మోకాళ్ళ మీద కూర్చున్న భక్తులు ఔరంగాబాద్ గుహల్లో ఉన్నారు సార్, మూడో గుహలో. నేను పోయినేడు రెండూ చూశాను. అజంతాలో అట్లాంటివి లేవు. పిల్లలు వింటున్నారు కదా అని చెప్తున్నాను సార్."

మాస్టారి మొహం ఎర్రబడింది. "నాకు చూపు పోయింది గానీ మతి పోలేదమ్మా. నన్ను తీసుకుపోయినవాడు ఈ బడి పిల్లగాడే, ఇక్కడే ఉన్నాడు. ఒరేయ్ దేవేందర్! లేచి చెప్పరా, మనం వెళ్ళింది ఎక్కడికి?"

రెండొందల తలలు అతని వైపు తిరిగాయి. దేవేందర్ లేచాడు. నవ్యశ్రీ అతని వైపే చూస్తోంది, కోపంగా కాదు, సాయం కోసం చూసినట్టు.

"అజంతానే సార్" అన్నాడు.

"విన్నావా అమ్మా?" అన్నారు మాస్టారు. "పుస్తకం చూసి పాఠం చెప్పొచ్చు. చూసొచ్చినవాళ్ళతో వాదించకూడదు."

పెద్దవాళ్ళు నవ్వారు, చప్పట్లు కొట్టారు. పెద్దవాళ్ళను చూసి పిల్లలూ కొట్టారు. నవ్యశ్రీ కూర్చుంది. కూర్చుని, ఒళ్ళో ఉన్న కాగితాలను సర్దింది, మళ్ళీ సర్దింది. తొమ్మిదో తరగతి వరసలో భవిత చప్పట్లు కొట్టకుండా తండ్రి వైపు చూస్తోంది.

సాయంత్రం ఇంట్లో భవిత ఫోన్ తెచ్చి అతని ముందు పెట్టింది. తెర మీద అదే గుహ. అదే కొప్పు, అదే దండ. కింద పేరు రాసి ఉంది.

"నాయినా, టీచర్ చెప్పిందే కరెక్ట్. నువ్వు మర్చిపోయినవా, అబద్ధం జెప్పినవా?"

"చదువుకునే పిల్లవు నీకెందుకే గివన్ని?" అని అరిచాడు.

బిందు మిషన్ ఆపింది. "ఎందుకు మొత్తుకుంటున్నవ్? పోరి అడిగినదానికి జవాబు జెప్పు."

అతను లేచి కారు తాళాలు వెతుక్కున్నాడు. భవిత ఫోన్ తీసుకుని, "రేపు క్లాసుల టీచర్ మొకం నేనెట్ల జూడాలె?" అని లోపలికి పోయింది. ఏడవలేదు. ఏడిస్తే అతనికి కొంచెం తేలికయ్యేది.

నాలుగో రోజు పొద్దున దేవేందర్ కారు వేసుకుని మచ్చ బొల్లారం వెళ్ళాడు. మాస్టారు వరండాలో ఎండలో కూర్చున్నారు. కమలాబాయి పక్కన మెంతికూర తుంచుతోంది. కారు చప్పుడు గుర్తుపట్టి మాస్టారు, "రారా, ఇప్పుడే నిన్ను తలుచుకున్నా" అన్నారు. దేవేందర్ కుర్చీలో కూర్చోలేదు. గచ్చు మీద కూర్చుని, చెప్పాల్సింది మొత్తం చెప్పాడు. లాడ్జి, కౌంటరు, మెట్లు, వేపచెట్టు, టికెట్లు, అన్నీ.

రోడ్డు మీద ఎవరో గ్యాస్ సిలిండర్ దొర్లిస్తున్న చప్పుడు వినిపించింది.

"పొద్దున్నే తెలిసిందా నీకు?"

"తెలిసింది సార్."

"మరి ఆ రెండు గంటలు ఎక్కడికి పోయాం?"

"ఫులంబ్రి దాకా వోయి, తిరిగి అదే ఊరికి అచ్చినం సార్."

"నేను దారి పొడుగునా పాఠం చెప్పాను" అన్నారు మాస్టారు. అంతే అన్నారు. దేవేందర్ తల ఇంకా కిందికి వంగింది.

"చెబితే నేను తిట్టేవాణ్ణా? ఎందుకు చేశావు?"

ఏదైనా చెప్పవచ్చు. మాటిచ్చిన కిరాయి ఉందని, మీ సంబరం చెడగొట్టలేకపోయానని. దారంతా అలాంటి మాటలే కూర్చుకుని వచ్చాడు. ఆ మొహం చూశాక ఒక్కటీ నోట్లోకి రాలేదు.

"మీకు కనపడదు గదా అనుకున్న సార్."

కమలాబాయి చేతుల్లో మెంతికూర ఆగింది. మాస్టారు చేతిని మొహం దాకా తెచ్చి, కళ్ళజోడు తీసి, ఒళ్ళో పెట్టుకున్నారు. తర్వాత అడిగారు:

"ఆ టీచరమ్మకు చెప్పారా?"

దేవేందర్‌కు మొదట అర్థం కాలేదు. 'చెప్పావా' కాదు, 'చెప్పారా' అన్నారు. ముప్పై ఏళ్ళలో ఆయన నోటి నుంచి తనకు మర్యాద పెట్టి పిలిచే మాట వినడం అదే మొదలు.

"లేదు సార్. మీ దగ్గరికే ముందు..."

"ముందు అక్కడికి పోవలసింది. రెండొందల మందిలో నవ్వులపాలు చేసింది ఆమెను. నవ్వించింది నేను." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "మీరు వెళ్ళండి" అన్నారు.

గేటు దాకా కమలాబాయి వచ్చింది. గొంతు తగ్గించి అంది: "పోయేటప్పుడు చూసిన పెట్రోల్ బంకే మల్ల కనిపించింది బిడ్డా. తెల్లగుమ్మటం కూడ ఎక్కడ్నో ఔరంగాబాద్ ఫోటోల చూసినట్టే అనిపించింది. ఆయన సంబురం చూసి నోరు మూసుకున్న. నీదొక్కనిదే గాదు తప్పు." ఆ మాటతో తన బరువు తగ్గుతుందేమోనని అతను ఒక్క క్షణం చూశాడు. తగ్గలేదు. ఆమె సంతోషం కోసం ఊరుకుంది. తను ఎందుకు చేశాడో తనకు తెలుసు.

బడికి వెళ్ళేసరికి మూడో పీరియడ్. నవ్యశ్రీ హాజరు పుస్తకం చంకలో పెట్టుకుని వరండాలో వస్తోంది. అక్కడే నిలబెట్టి చెప్పాడు, చేతులు జోడించాడు. ఆమె విని, హాజరు పుస్తకాన్ని ఇంకో చంకలోకి మార్చుకుంది.

"నాకొక్కదానికి చెప్తే ఏం లాభమండీ? ఆ రోజు ఇంటికి పోయి నా ఫోటోలు మళ్ళీ చూసుకున్నాను, నేనే తప్పు చెప్పానేమో అని. పిల్లలు ఇప్పుడు ఏ పాఠం చెప్పినా ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటున్నారు. మీకు చేతనైతే వాళ్ళకు చెప్పండి."

ఆమె తెరిచిన తలుపు తొమ్మిదో తరగతిది. నలభై మంది లేచి నిలబడ్డారు. రెండో బెంచీలో భవిత. దేవేందర్ బల్ల అంచు పట్టుకుని, "మీ టీచర్ చెప్పిందే నిజం. నేను అబద్ధం జెప్పిన. సార్‌కు కండ్లు కనపడయని మోసం జేసిన" అన్నాడు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వి, ఆపుకున్నారు. భవిత తల వంచుకుని పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంది. నవ్యశ్రీ "కూర్చోండి" అని పిల్లలతో అంది. అతనికి వెళ్ళమని కూడా చెప్పలేదు. తనే బయటికి వచ్చాడు.

ఆ రోజు బడి వదిలే వేళకు కారు గేటు దగ్గర ఆపి నిలబడ్డాడు. భవిత వచ్చి, "నేను దోస్తులతోని నడిచి వస్త నాయినా" అంది. కోపంగా అనలేదు. ముగ్గురు ఆడపిల్లల మధ్య నడుచుకుంటూ పోయింది. వాళ్ళు ఆమెను ఏమడుగుతున్నారో అని అతను కారులోనే కూర్చుండిపోయాడు.

మాస్టారు వారం తిరగకుండా బడికి వచ్చారు, ఆటోలో. ప్రార్థన వేళ మైకు అడిగి, తాను చెప్పింది తప్పని, ఆ విగ్రహాలు ఔరంగాబాద్ గుహల్లోవని, టీచరమ్మను క్షమాపణ అడుగుతున్నానని పిల్లలందరి ముందూ చెప్పారు. ఎవరి పేరూ ఎత్తలేదు. భవిత ఇంట్లో ఆ సంగతి తల్లికి చెబుతుంటే దేవేందర్ పక్కగదిలో విన్నాడు. తన పేరు ఎత్తి ఉంటే బాగుండునని అతనికి అనిపించింది.

"మళ్ళీ తీసుకుపోతాను, పైసా వద్దు" అని కమలాబాయితో చెప్పి పంపించాడు. మాస్టారు వద్దన్నారు. కానీ కంటి ఆసుపత్రికి మాత్రం కమలాబాయి అతన్నే పిలిచేది. మాస్టారు వెనక సీట్లో కూర్చునేవారు. "ఏసీ కొంచెం తగ్గించండి." "ఇక్కడ ఆపండి." మర్యాదకు లోటు లేదు. ఎండాకాలం, వానాకాలం అట్లాగే గడిచాయి. దేవేందర్ కొత్త కిరాయిలు వచ్చినప్పుడు "ఆడికి నేనెన్నడు పోలే, కనుక్కొని చెప్త" అనడం నేర్చుకున్నాడు. ఇద్దరు ముగ్గురు వేరే కారు చూసుకున్నారు.

మళ్ళీ చలికాలం వచ్చింది. నవ్యశ్రీ, ఇంకో ఇద్దరు టీచర్లు కలిసి మాస్టారిని, కమలాబాయిని అజంతాకు తీసుకువెళ్ళారు. అప్పటికి ఆయనకు వెలుతురు, చీకటి తేడా మాత్రమే తెలుస్తోంది. ఈ కబురు అతనికి భవిత చెప్పింది. "మంచిదే" అన్నాడు.

వాళ్ళు తిరిగొచ్చిన పది రోజులకు కంటి ఆసుపత్రికి మళ్ళీ కిరాయి వచ్చింది. మాస్టారిని లోపలికి పిలిచారు. నర్సు చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. బయట బెంచీ మీద కమలాబాయి, పక్కన కొంచెం ఎడంగా దేవేందర్. ఎట్లా అడగాలో తెలియకుండానే అడిగాడు.

"సార్ సంబురపడ్డడా అమ్మా?"

"పడ్డడు. బాగ చెప్పింది ఆ టీచర్ పిల్ల, ఒక్కొక్క బొమ్మ ముందు నిలబెట్టి." కమలాబాయి కొంగు సర్దుకుంది. "కాని ముందుగాల అడిగిండు. బస్సు దిగంగనే ఆ పిల్లనడిగిండు, ఇది అజంతానేనా అమ్మా అని. ఔను సార్ అన్నది. గుహ కాడికి పోయినంక కాపలా ఆయన్ని హిందీల అడిగిండు. లోపలికి పోయినంక ఎవలో తెల్వనోళ్ళు, ఆళ్ళ పిల్లలతోని అచ్చినోళ్ళు, ఆళ్ళ చెయ్యి పట్టుకొని మల్ల గదే అడిగిండు. ఆ టీచర్ పిల్ల మొకం పక్కకు దిప్పుకున్నది."

దేవేందర్ తన చేతుల వైపు చూసుకున్నాడు.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. మాస్టారు గుమ్మంలో ఆగి, ముందు ఎవరున్నారో తెలియక చెయ్యి చాచి నిలబడ్డారు. దేవేందర్ లేచాడు. రెండడుగులు వేసి ఆగిపోయాడు. కమలాబాయి మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచి, నడిచి వెళ్ళి ఆ చెయ్యి అందుకునే దాకా ఆయన అట్లాగే నిలబడి ఉన్నారు. దేవేందర్ వాళ్ళకన్నా ముందు బయటికి పోయి కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు.